గీత పడని కారు

మా ముత్తాత ఆలూరు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే జనం ఆ వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచేవారట. అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని చదువుకున్నాక తెలిసింది గానీ, చిన్నప్పుడు విన్న ప్రతిసారీ నా వెన్ను నిటారుగా నిలిచేది. మా తాత సమితి ప్రెసిడెంటు. కరువొచ్చిన ఏడు మా గాదెలు తెరిపించి, మా కొట్టంలోనే గంజి కాయించి పోయించాడు. మా నాయన ఏ పదవీ చేయలేదు. పదవుల్లో ఉన్నవాళ్ళు ఆయన కారెక్కి తిరిగేవారు, ఆయనకు అది చాలింది. నీళ్ళ కోసం బోర్లు వేయించాడు. ఒక్కో బోరుకు ఒక్కో చేను పోయింది, నీళ్ళు మాత్రం పడలేదు. చివరికి ఊళ్ళో ఇల్లు కూడా పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది.

ఆ ఇంటికి మిగిలిన వారసురాలిని నేనొక్కదాన్నే. అన్నదమ్ములు లేరు. కర్నూలులో కాపురం, నాయన పోయాక అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది. కల్లూరు అవతల ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం. రోజూ షేర్ ఆటోలో పోయి వస్తాను. ముగ్గురి సీటులో ఐదుగురం ఇరుక్కున్నా నా వీపు వెనక్కి ఆనదు. పిల్లలు దీన్ని కనిపెట్టి నాకు స్కేలు మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. జెండా పండుగలకు మాత్రం మా కారులో పోతాను. తెల్ల అంబాసిడర్, నాయన కొన్నది. పెద్దగా ఆస్తులేమీ చేతికి రాలేదు గానీ అది వచ్చింది, దాంతో పాటు దాని కథ కూడా.

ఆ కథ మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ విన్నారు. ఆయుధ పూజనాడు కారు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక అమ్మ ముందు బంపరు మీద చేయి వేసి మొదలుపెడుతుంది. నేను పదో తరగతి చదువుతున్న ఏడు, ఆదోని నుంచి వస్తుంటే, పొద్దు గూకే వేళ, దారిలో నిలిపిన రాళ్ళ ట్రాక్టరు కనబడక నాయన వెనక నుంచి గుద్దాడు. ట్రాలీ వెనక తలుపు ఊడి కింద పడింది. మన కారుకు బంపరు ఒక్క వేలి మందం లోపలికి పోయింది, అంతే. రేకు మీద గీత పడలేదు. ముందు సీటులో మా చిన్నాయన, నాయనకు తోడబుట్టిన తమ్ముడు, కూర్చుని ఉన్నాడు. ఆయన తనంతట తాను దిగి, కారు ముందుకు పోయి వంగి చూసి, "ఏం కాల్యా అన్నా, గీత పడల్యా" అన్నాడట. నీళ్ళు అడిగి తాగి, రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆయనకు ఆయుష్షు అంతవరకే రాసి ఉందని, అయినా కారు మాత్రం మన పరువు నిలబెట్టిందని, అమ్మ కథ అక్కడ ముగుస్తుంది. వినేవాళ్ళు ఒకసారి బంపరు తట్టి చూసేవారు. నేనూ తట్టేదాన్ని.

ఈ ఏడు మా అమ్మాయికి కడపలో ఇంజినీరు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఎవరు కొత్తగా ఉద్యోగంలో చేరినా ఆ కారులో, ముందు సీటులో కూర్చుని పోవాలి. ముందు సీటు మా ఇంట్లో ఊరికే కూర్చునే చోటు కాదు. ఎవరికి గౌరవం జరగాలో వాళ్ళది. నేను ఉద్యోగంలో చేరిననాడు నాయన నన్ను అందులో కూర్చోబెట్టి బడి గేటు దాకా తెచ్చాడు. ఇప్పుడు అమ్మ ఇంకో అడుగు ముందుకు పోయింది. "కారు నీకే ఇస్తాండా. వారం వారం దాంట్లోనే వచ్చిపో" అని మనవరాలితో అనేసింది. అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆమెకు ఆ పాత కారంటే ఇష్టం, దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు ఆమె ఫోనులో నాకు తెలిసి లెక్కలేనన్ని. కారును మెకానిక్కు దగ్గరికి పంపి రంగు వేయించడం మొదలైంది. నేనూ సంతోషించాను. చేరవలసిన సోమవారం ఇంకో వారంలో ఉంది.

అదే వారంలో తొమ్మిదో తరగతికి బలం, ద్రవ్యవేగం పాఠం వచ్చింది.

ఈ పాఠం నేను పుస్తకంలో ఉన్నట్టు చెప్పను. క్రికెట్ బంతి పట్టుకునేవాడు చేతులు వెనక్కి లాగుతాడని అందరూ చెప్పేదే చెబితే పిల్లలు తలలూపి మరిచిపోతారు. కార్లు గుద్దుకోవడం చెబితే వింటారు. మా బడి ముందు నుంచే హైవేకు పోయే దారి ఉంది. బ్రేకు వేసిన చప్పుడు వినిపిస్తే క్లాసు మొత్తం కిటికీ వైపు తిరుగుతుంది. అందుకని ఒక పొడుగాటి కడప బండను బెంచీ మీద వాలుగా పెట్టించాను. చెక్కముక్కకు బొమ్మ కారు చక్రాలు బిగించి బండి చేశాను. గుడ్లు నేనే అంగట్లో కొని తెచ్చాను. మధ్యాహ్న భోజనం గుడ్లు వాడుకోండి మేడమ్ అన్నారు తోటి టీచర్లు. ఇంకొకరి కంచంలోది తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

మొదటి గుడ్డును బండిలో పెట్టి, బట్ట పేలికతో కట్టి వదిలాను. పేలిక కోడుమూరు నుంచి వచ్చి మా బడిలో చేరిన నేతగాళ్ళ అమ్మాయి తెచ్చింది, మగ్గం మీద మిగిలిన చీర అంచు. బండి ముందు గట్టి చెక్క. పోయి గోడకు తగిలింది. గుడ్డు చిట్లింది.

"ఆమ్లెట్ ఎవురికి మేడమ్?" అని వెనక బెంచీ.

"నీకే. నేల మీద నుంచి నాక్కో" అన్నాను. నవ్వారు.

రెండో బండి ముందు ఖాళీ అగ్గిపెట్టెలు వరసగా అంటించాను. వదిలితే అగ్గిపెట్టెలు నలిగి పచ్చడయ్యాయి. గుడ్డు అలాగే ఉంది. చప్పట్లు కొట్టారు. మూడోసారి అగ్గిపెట్టెలు ఉంచి, గుడ్డును కట్టకుండా వదిలాను. అది జారిపోయి ముందు చెక్కకు కొట్టుకుని పగిలింది.

"చూశారా? బండి ముందుభాగం నలగాలి. నలుగుతూ నలుగుతూ మెల్లగా ఆగాలి. లోపలి మనిషి బండికి కట్టుకుని ఉండాలి, అప్పుడే ఆ నలగడం మనిషికి పనికొస్తుంది. ఎంత ఎక్కువ దూరంలో ఆగితే అంత తక్కువ దెబ్బ. ఇప్పటి కార్లు సొట్ట పడతాయని మీ ఇళ్ళలో ఎగతాళి చేస్తారు కదా, అవి సొట్ట పడేట్టే చేస్తారు."

వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. వాళ్ళ నాయన షేర్ ఆటో తోలుతాడు, నేను తరచూ ఎక్కేది ఆయన ఆటోనే. "మేడమ్, మీ అంబాసిడర్ కాడ ఇయన్నీ పనికిరావు. మా నాయన అంటాడు, అది గుద్దితే గోడే పడతాదంట!"

"మీ కారు యాడన్నా గుద్దిందా మేడమ్?" అని ఇంకొకడు.

నోటికి అలవాటైన కథ. అమ్మ మాటలే నా నోట వచ్చాయి. ట్రాలీ తలుపు ఊడింది, బంపరు వేలి మందం పోయింది, గీత పడలేదు. చెబుతుండగా నా గొంతులో ఆ పాత గర్వం నాకే వినిపించింది. పిల్లలు ఈలలు వేశారు.

నేతగాళ్ళ అమ్మాయి చీర అంచు చుట్ట చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "మరి లోపలున్నోల్లు మేడమ్?"

బోర్డు వైపు తిరిగాను. లెక్క వేసి చూపిస్తానన్నాను, మాట దాటేయడానికి లెక్క కంటే మంచిది నాకు దొరకలేదు. సెకనుకు పది మీటర్ల వేగం. అది పెద్ద వేగం కాదు, ఊరి బయట ఎడ్లబండిని దాటేసే మోటారు సైకిల్ వేగం. వేలి మందం అంటే రెండు సెంటీమీటర్లు. అదే నలిగే కారైతే, ఊరికే అనుకుందాం, అర మీటరు. భాగించాను. ఇరవై ఐదు రెట్లు. ట్రాలీ కూడా కాస్త ముందుకు జరిగి ఉంటుంది, దాన్ని కలుపుకుందామని పక్కన మళ్ళీ వేశాను. అంకె తగ్గింది గానీ తగ్గవలసినంత తగ్గలేదు. ఇక కట్టుకోని మనిషి సంగతి. అతను కారుతో పాటు ఆగడు. కారు ఆగాక తను ఆగుతాడు. ముందున్న ఇనుప డ్యాష్‌బోర్డు ఆపుతుంది. అతని రొమ్ము ఎంత నలిగితే అంత దూరంలో.

బోర్డు మీద అంతవరకు రాసి చాక్‌పీస్ పెట్టేశాను. గంట ఇంకా కొట్టలేదు. మిగిలిన సమయం చదువుకోమని చెప్పి, గోడ నుంచి గోడకు తిరుగుతూ ఉండిపోయాను. పిల్లలు గుడ్డు పెంకులు ఏరారు.

ఆ రోజు నుంచి నాకు ఒక్కచోట నిలకడ లేదు. ఆటోలో కూర్చుంటే ఇంకా ఎంత దూరమని చూడటం, ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే లేచి పోయి మెకానిక్కుకు ఫోన్ చేయడం. రంగు ఆరలేదని చెప్పమని నేనే అడిగాను. అతను నిజాయితీపరుడు, "ఆరింది మేడమ్, తీసుకపోండి" అన్నాడు. మా ఆయన ఏమైందని అడగలేదు, టీ పెట్టి చేతికిచ్చాడు. ఆయన మాట్లాడే మనిషి కాడు, అందులో కొంత సుఖం ఉంది.

ముందు అమ్మాయితో మాట్లాడాను.

"ఆ కారు వద్దు. కడపకు బస్సులో పో."

"అవ్వ ఇస్తానంటే నీకేం బాధ మా?"

"అది ఎక్కడా నలగదు. అదే బాధ."

"నలగనిది మంచిది కాదా? అందరూ నలిగిపోతాండాదని ఏడుస్తారు. నేనేం స్పీడ్ పోను మా, మెల్లిగా పోతా."

"నువ్వు మెల్లిగా పోతావు. మైదుకూరు దగ్గర ఎదురొచ్చే సిమెంటు లారీతో ఎవరు చెబుతారు మెల్లిగా రమ్మని?"

ఆమె నవ్వింది. ఇంజినీరింగు చదివిన పిల్ల. ఆమెకు తెలియనిది నేనేమీ చెప్పడం లేదు. తెలిసిన సూత్రాన్ని అవ్వ ఇచ్చిన కారుకు ఎవరూ వేసి చూడరు. నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పి వేసి చూశానా?

తర్వాత అమ్మతో. ఆమె వసారాలో అలసంద కాయలు ఒలుస్తూ ఉంది. బోర్డు మీద వేసిన లెక్కనే, అంకెలు లేకుండా, మెత్తగా చెప్పాలని చూశాను. కారు గట్టిగా ఉంటే దెబ్బ లోపలికి పోతుందని. సగంలోనే చేయి ఎత్తింది.

"పాపా, నీ పాఠం బడిలో చెప్పు. ఆ బండికి గీత పడల్యా. ఊరంతా చూసింది."

"గీత పడలేదు కాబట్టే చిన్నాయన పోయాడమ్మా."

ఒలవడం ఆగింది. "అంటే? మీ నాయన తమ్ముని సంపినాడనా నువ్వనేది?"

"నాయన కాదు. కారు."

"కారు ఎవురిది? తోలింది ఎవురు?" అంది. చేట తీసుకుని లోపలికి పోయింది. కాయలు కొన్ని కింద పడి ఉంటే నేను ఏరాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో వాళ్ళం అరిచి పోట్లాడం. మాట మానేస్తాం. నేనూ మానేశాను. తప్పని తెలిసినా నా వెన్ను అంత త్వరగా వంగదు, ఆమెది అసలు వంగదు.

మాట్లాడకుండా చేయగలిగింది ఒకటే కనిపించింది. మెకానిక్కు దగ్గరికి పోయి ముందు సీటుకు బెల్టు బిగించమన్నాను. ఆ కారుకు బెల్టు ఉండేది కాదు. అతను తల గోక్కున్నాడు. "దీనికి చోటే లేదు మేడమ్. నట్టు బిగిస్తా గానీ, గట్టి దెబ్బకు ఊడదని మాట ఇయ్యలేను." బిగించమన్నాను. ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉంటుంది కదా. పాడుబడిన కారు నుంచి తీసిన నల్ల బెల్టు, కొత్త తెల్ల రంగు పక్కన మురికిగా వేలాడింది.

సోమవారం పొద్దున కారు ఇంటి ముందు నిలిచింది. అద్దె డ్రైవరు, ముందు అద్దానికి పూలదండ. పక్కిళ్ళ వాళ్ళు గేట్ల దగ్గర నిలబడ్డారు. అమ్మాయి కొత్త చీరలో ముందు సీటులో కూర్చుంది. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని వచ్చింది. దిష్టి తీయబోతుంటే నేను వంగి, అమ్మాయి రొమ్ముకు అడ్డంగా బెల్టు లాగి బిగించాను.

"ఏందది?" అంది అమ్మ. రెండు రోజుల తర్వాత నాతో మొదటి మాట. "బిడ్డ ఉద్యోగానికి పోతాంటే కట్టేసి పంపుతావా?"

"కట్టేసే పంపుతా."

"ఎందుకని?"

పక్కిళ్ళవాళ్ళు వింటున్నారు. మా ఇంటి మాట వీధిలో అనడం నాకు చావు. అయినా అన్నాను. "చిన్నాయన రొమ్ము కొట్టుకున్న చోట దీని రొమ్ము కొట్టుకోకుండా."

అమ్మ పళ్ళెం పట్టుకుని అట్లే నిలబడింది. కళ్ళు అమ్మాయి మీద లేవు. ఆమె ముందున్న డ్యాష్‌బోర్డు మీద ఉన్నాయి. నీళ్ళు అంచు దాటి ఆమె చీర మీద పడ్డాయి.

"దిగు" అంది.

"అవ్వా, టైమైతాండాది..."

"దిగు పాపా. దిగమంటాండా కదా. బస్సుకు పో."

అమ్మాయి నా వైపు చూసింది. నేను బెల్టు విప్పాను. మా ఆయన సూట్‌కేసు తీసుకుని ఆటో కోసం పరిగెత్తాడు, ఆయన పరిగెత్తడం ఆ రోజే చూశాను. పక్కింటామె "ఏమైందమ్మా, బండికేమన్నా అయిందా?" అని అడిగింది. "ఏం కాలేదు" అన్నాను. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకునే వెళ్ళింది. మధ్యాహ్నానికి కడపలో చేరానని ఫోన్ చేసింది. బస్సులో కిటికీ సీటు దొరికిందని కూడా చెప్పింది, అంటే కోపం తగ్గిందన్నమాట.

నేను ఆ రోజు సెలవు పెట్టాను. అమ్మ అన్నం తినలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని, నన్ను చూడకుండా, గోడతో మాట్లాడినట్టు చెప్పింది.

"ఇంటికి తెచ్చినాక మీ చిన్నాయన సొక్కా విప్పింది నేనే. మీ నాయన ఆడ దూరంగా కూచోని ఏడుస్తాండె. రొమ్ము మీద ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా నల్లగా కమిలిపోయింది, పలక పెట్టి కొట్టినట్ల. నేను మళ్ళ సొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టినా. ఎవురికీ సూపీలే. డాక్టరు గుండె అన్నాడు, అవునన్నా."

"నాయనకు చెప్పలేదా?"

"సెప్తే బతుకుతాడా? వాన్ని ముందర కూచోబెట్టింది ఆయనే. నువ్వు ముందర కూచోరా, కొత్తగా సొసైటీ మెంబరువైనావు అని. వాడు వద్దన్నాడు, యెనక కాళ్ళు సాపుకుంటానన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన రోజూ ఆ బండికాడికి పోయి నిలబడి సూస్తాండె. ఏదో ఒకటి సెప్పల్ల కదా. గీత పడల్యా, బండి మన పరువు నిలబెట్టింది, వానికి ఆయుష్షు అంతే అని మొదటి దినం నేనే అన్నా. వచ్చినోల్లకంతా అన్నా. అనగా అనగా ఆయన కూడా అనబట్టె. అప్పుడు అన్నం తిన్యాడు."

ఇన్నేళ్ళు నేను పరువు కథ అనుకున్నది అది. ఆమె పక్కన కింద కూర్చున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమె, "బువ్వ పెట్టుకో, నువ్వూ తినలా" అంది.

కారు వాకిట్లో ఉంటే నాకు కాలు నిలవలేదు. వారం తిరగకముందే పెళ్ళిళ్ళకు పాత కార్లు అద్దెకిచ్చే మనిషి ఒకతను, మెకానిక్కు చెప్పగా, వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త రంగు చూసి ముచ్చటపడ్డాడు. చుట్టూ తిరిగి బంపరు తట్టి, "శానా గట్టి బండి అవ్వా. ఇట్లాటివి ఇప్పుడు యాడొస్తాయి?" అన్నాడు. మంచి ధర చెప్పాడు, నేను అడగకముందే దాన్ని పెంచాడు కూడా.

అమ్మ కుర్చీలోంచి అడిగింది. "ముందర ఎవురు కూచుంటారప్పా?"

"పెండ్లికొడుకు, పెండ్లికూతురు యెనక అవ్వా. ముందర సిన్నపిల్లోల్లు ఎగబడి ఎక్కుతారు. తోడుపెండ్లికొడుకు కూడా ఆడ్నే."

"ఇయ్యంలే పో నాయనా."

"ఇంకా కొంచెం ఏసిస్తా అవ్వా..."

"ఎంతేసినా ఇయ్యం. మా బిడ్డను కూచోనీలేదు, ఎవురి బిడ్డనో కూచోబెడతామా?"

అతను నా వైపు తిరిగాడు, చదువుకున్నదాన్ని కదా, నేనైనా వింటానని. నేను గేటు తీసి పట్టుకున్నాను.

ఆ శుక్రవారం కల్లూరు నుంచి పాత ఇనుము కొనేవాళ్ళ లారీ వచ్చింది. మళ్ళీ రోడ్డెక్కకుండా ముక్కలుగా కోస్తామని ఒప్పుకున్నాకే తాళాలు ఇచ్చాను. ఇంజను, సీట్లు, బంపరుతో సహా కారును తూకం మీద అమ్మాం.